లెక్కకు మిగిలిన దినములు

కల్పితలోకములను సృజించు కవులు కోటలు కట్టుదురు, రాజవంశములను పెంచుదురు, యుద్ధములు నడపుదురు. కాని ఆ లోకపు జనులు ఏనాడు తలంటి పోసికొని క్రొత్తబట్టలు కట్టుదురో, ఏనాడు నాగలి దింపి జాతరకు పోవుదురో, వారికి సంవత్సర మెప్పుడు తిరుగునో చెప్పు పంచాంగమును మాత్రము తఱచుగా మఱచిపోవుదురు. ఈ విషయమున మన పౌరాణికులు బహు జాగరూకులు. మనుష్యుల సంవత్సరము దేవతల కొక యహోరాత్రమనియు, ఉత్తరాయణము వారికి పగలు, దక్షిణాయనము రాత్రి యనియు, కలియుగపరిమాణము 4,32,000 సంవత్సరము లనియు కాలమును కొలిచి పెట్టుకొనిన పిమ్మటనే వారు కథలోనికి దిగిరి. పాశ్చాత్యులలో ఇట్టి శ్రద్ధ చూపిన ఆధునికుడు జె. ఆర్. ఆర్. టోల్కీన్. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ప్రాచీనాంగ్లభాషకు ఆచార్యుడుగా ఉండిన యీయన 1954, 1955 సంవత్సరములలో మూడు సంపుటములుగా వెలువరించిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ కథ ముగిసిన తరువాత వచ్చు అనుబంధములలో నాలుగవది అచ్చముగా పంచాంగప్రకరణము. కథకై పుస్తకము చేపట్టినవారిలో పెక్కుమంది ఆ పుటలకు రాకమునుపే అట్ట మూసివేయుదురు. పంచాంగశ్రవణముతో సంవత్సరము నారంభించు మనము మాత్రము వానిని విడిచిపెట్టుట న్యాయము కాదు.

ఆ ప్రకరణములోని పండుగలలో అధికభాగము ఒక గణితపుచిక్కునుండి పుట్టినవి. సౌరసంవత్సరము 365 దినముల 5 గంటల 48 నిమిషములకు పైచిలుకు. నెలకు ముప్పది దినముల చొప్పున పండ్రెండు నెలలు వేసినచో 360 దినములు చెల్లును. అయిదు దినములును, ఆఱవదానిలో ఒక పూటయు మిగిలిపోవును. ఈ మిగులును ఎక్కడ పెట్టవలె ననుటయే లోకమునందలి పంచాంగకర్తల కందఱకును పడిన ముడి. ఈజిప్టు పురోహితులు ఆ యైదు దినములను సంవత్సరాంతమున నిలిపి, ఒసైరిస్, హోరస్, సెత్, ఐసిస్, నెఫ్తిస్ అను అయిదుగురు దేవతల జన్మదినములుగా నెంచిరి. ఒక దేవుడు చంద్రునితో పాచికలాడి గెలిచిన వెలుగునుండి ఆ దినములను చేసెనని గ్రీకు రచయిత ప్లూటార్కు వ్రాసిపెట్టిన కథ యొకటి కలదు. మెక్సికోలోని ఆజ్టెకులు వానిని అశుభములని భయపడి, పనులు మాని ఇల్లు కదలక గడపెడివారు. ఫ్రెంచి విప్లవకారులు 1793లో నెలకొల్పిన గణతంత్రపంచాంగమున అవి సద్గుణమునకు, ప్రతిభకు, శ్రమకు, అభిప్రాయమునకు, బహుమానములకు అంకితములైన జాతీయపర్వము లయ్యెను. పది దినముల కొక్క విశ్రాంతిదినమన్న నియమము శ్రామికులకు ఎంతమాత్రమును రుచింపని ఆ పంచాంగము 1806 జనవరి 1వ తేదీతో అంతరించెను.

మనది చాంద్రమానము గనుక మన మిగులు మఱియు పెద్దది. పండ్రెండు చాంద్రమాసములు 354 దినములకే చెల్లిపోగా ఏటికి పదునొకండు దినములు వెనుకబడును. అవి కూడి కూడి రమారమి ముప్పదిరెండున్నర నెలల కొక నెల కాగా, రవిసంక్రాంతి లేని ఆ మాసమును అధికమాస మందుము. అందు పెండ్లిండ్లు లేవు, ఉపనయనములు లేవు, గృహప్రవేశములు లేవు. రావలసిన పండుగలన్నియు నిజమాసమునకు జరిగిపోవును. దానికి పురుషోత్తమమాసమని పేరిడి జపదానములకు యోగ్యముగా చేయుట, దిక్కులేని నెలకు దేవుడే దిక్కని తలచిన పెద్దల దయాగుణము. ఈ విధముగా లెక్కకు మిగిలిన కాలమును చూచి భయపడుటయో, దానిని దేవుని కర్పించుటయో, పండుగ చేసికొనుటయో జాతులన్నియు చేయుచు వచ్చినవి. టోల్కీను కల్పించిన జాతులు ఇంచుమించుగా అన్నియు మూడవమార్గమునే త్రొక్కినవి. ఆయన పంచాంగమునకు జీవకళ అబ్బినది ఇందువలననే యని నా తలంపు.

దీనికి చక్కని నిదర్శనము హాబిట్ల సంవత్సరము. హాబిట్లనగా రెండునుండి నాలుగడుగుల యెత్తు వఱకు పెరిగి, గుట్టలను తొలిచిన ఇండ్లలో గుండ్రని తలుపులు పెట్టుకొని, దొరకినచో దినమున కాఱుమారులు భుజించు కృషీవలులు. వారి సీమకు షైర్ అని పేరు. మార్చో, బ్లాంకో అను అన్నదమ్ములు ఏఱు దాటి జనముతో అక్కడికి వలసవచ్చిన యేడే వారి శకమునకు మొదటి సంవత్సరము. వారి నెలలు పండ్రెండును సమానముగా ముప్పదేసి దినములు. మిగిలిన యైదు దినములు ఏ నెలకును చెందవు. వానిలో రెండు యూల్ దినములు: ఒకటి పోవు సంవత్సరమునకు చివర, మఱియొకటి వచ్చు సంవత్సరమునకు మొదట. తక్కిన మూడు నడివేసవిలోని లైథ్ దినములు. వాని నడుమది మధ్యవర్షదినము. నాలుగేండ్ల కొకమారు, శతాబ్దాంతవర్షమున తప్ప, మధ్యవర్షదినము వెంట ఓవర్‌లైథ్ అను మఱియొక దినము చేరును. ఆనాడు ప్రత్యేకముగా ఉత్సవము చేసికొందురు. శీతకాలపు యూల్ పండుగ పాతయేటి చివరి మూడు దినములను, క్రొత్తయేటి తొలి మూడు దినములను కలుపుకొని ఆఱు దినములు సాగును. లైథ్ దినములలో శ్వేతగిరుల మీద సంత కూడును. ఏడేండ్ల కొకమారు ఆ సంతలోనే షైర్ అంతటికి నగరాధ్యక్షుని ఎన్నుకొందురు. ఆ యధ్యక్షుని పనులలో దాదాపు ఏకైకమైనది విందులలో అగ్రాసనము నలంకరించుట యని గ్రంథకర్త చెప్పుచున్నాడు. మన పురపాలకసంఘాధ్యక్షులకు ఇంతకంటె శ్రేష్ఠమైన వ్యాపారము చేతనగునా యని అడుగు ఆక్షేపకులు మనలోను లేకపోలేదు.

ఈ పేర్లును ఈ యమరికయు గాలిలోనుండి వచ్చినవి కావు. ఉత్తర ఇంగ్లండున జారో మఠములో నివసించిన బీడ్ అను క్రైస్తవసన్న్యాసి 725వ సంవత్సర ప్రాంతమున కాలగణనమును గూర్చి లాటినున ఒక గ్రంథము రచించెను. ఈస్టరు పండుగ ఏనాడు పడునో గణించు విధానమును బోధించుట దాని ముఖ్యోద్దేశము; అయినను ఇతరజాతుల మాసములను వివరించుచు తన పూర్వికులను మాత్రము విడిచిపెట్ట మనసొప్పకనో యేమో, ఒక్క యధ్యాయమును ఆంగ్లజాతివారి పాతమాసములకు కేటాయించినాడు. క్రైస్తవమునకు ముందటి ఇంగ్లండు సంవత్సరమును గూర్చి నేడు మనకు తెలిసినదానిలో అధికభాగము ఆ యొక్క యధ్యాయపు చలువ. సంవత్సరము డిసెంబరు 25న మొదలగుచుండెననియు, ఆ రాత్రిని మాతృరాత్రి యనెడివారనియు అతడు వ్రాసెను. సంవత్సరాది కటునిటు గల రెండు నెలలకు గియులి యని ఒకే పేరు. నడివేసవికి చెందిన రెండు నెలలకు లిథ అని ఒకే పేరు. ఫిబ్రవరిలో దేవతలకు రొట్టెలు నివేదించెడివారు. మేనెలలో పచ్చిక సమృద్ధియై ఆవులను దినమునకు మూడుమార్లు పిదికెడివారు గనుక ఆ నెల పేరే అది. నవంబరులో, చలికాలమున మేపజాలని పశువులను దేవతలకు మ్రొక్కి వధించెడివారు. టోల్కీను ఈ నామములను తీసికొని, నోటనోట నలిగి అరిగిన పల్లెమాటలవలె మలచి, షైర్ మాసములకు పెట్టినాడు. దేవతలను మాత్రము రానీయలేదు. ఆవులను మూడుమార్లు పిదికిన నెల హాబిట్లకు థ్రిమిడ్జ్ అయినది; రక్తబలుల నెల బ్లాట్‌మాత్ అయి, బలి లేని పేరు మాత్రము మిగిలినది.

ఇందు తెలుగువాడు ఆగి చూడవలసిన విశేష మొకటి యున్నది. బీడ్ చెప్పిన ఆ పూర్వికులు నెలలను చంద్రునిబట్టి కొలిచెడివారు. కావున వారికిని మనవలెనే సూర్యునితో పొత్తు తప్పెడిది. తప్పినప్పుడు వేసవిలో ఒక నెల నదనముగా చేర్చి, రెండు లిథలకు మాఱు మూడు లిథలు గల ఆ సంవత్సరమును ‘త్రిలిథి’ యనెడివారు. మనకు రెండు ఆషాఢములు వచ్చినట్లే వారికి మూడు లిథలు. టోల్కీను ఆ యధికమాసమును ఒక్క దినమునకు కుదించి ఓవర్‌లైథ్ చేసినాడు. అనగా హాబిట్లు నాలుగేండ్ల కొకమారు బల్లలు పఱచి పీపాలు తెఱచు ఆ దినము మన అధికమాసమునకు దూరపు దాయాది. మన మే కాలమున పెండ్లిమాట యెత్తమో, ఆ కాలమునకు సాటివచ్చు దినమున వారు ప్రత్యేకముగా విందు చేసికొందురు.

వారముల విషయమున హాబిట్లు చేసిన సంస్కారము ఇంతకంటె వింతయైనది. 365 దినములలో ఏబదిరెండు వారములు పోగా ఒక దినము మిగులును గనుక, ఈయేట సోమవారమైన తేదీ మఱుసటియేట మంగళవారమగును. ఇది వారికి చిందరవందరగా తోచినది. రెండవ ఐసెన్‌గ్రిమ్ అను పెద్ద యేలుబడి కాలమున వారొక తీర్మానము చేసికొనిరి: మధ్యవర్షదినమునకును, ఓవర్‌లైథ్‌నకును వారమే లేదు. మధ్యవర్షదినమున వారమేదని యడిగినచో అది మధ్యవర్షదినమే, అంతే. దీనితో ప్రతిసంవత్సరమును వారపు మొదటి దినమున ఆరంభమై చివరి దినమున ముగియుటయే గాక, ఒక తేదీకి ఒకే వారము శాశ్వతముగా స్థిరపడెను. షైర్‌వారు ఉత్తరములలోను దినచర్యలలోను వారము వ్రాయుట మానివేసిరి. ఇంటిపట్టున ఇది మిక్కిలి సుఖముగా నుండెననియు, పొరుగున నున్న బ్రీ గ్రామము దాటి ప్రయాణము చేయవలసివచ్చినప్పుడు మాత్రము అంత సుఖముగా లేదనియు గ్రంథకర్త నవ్వుచు చెప్పినాడు.

నవ్వు నవ్వే గాని, సరిగా ఆ గ్రంథము వెలువడిన సంవత్సరములలోనే ఇట్టి తీర్మానము ఐక్యరాజ్యసమితి యెదుటికి వచ్చి కూర్చున్నది. 1930 నుండి అమెరికాలో ఎలిజబెత్ ఆకెలిస్ అను నామె ప్రచారము చేయుచు వచ్చిన ‘ప్రపంచ పంచాంగము’నందు సంవత్సరాంతమున వారము లేని ‘ప్రపంచదినము’ ఒకటి, నాలుగేండ్ల కొకమారు నడిసంవత్సరమున వారము లేని ‘అధికవర్షదినము’ మఱియొకటి కలవు. దానిని ఐక్యరాజ్యసమితిలో ప్రతిపాదించినది ఎవరో కాదు, భారతప్రభుత్వమే. 1954లో జెనీవాలో దానిపక్షమున వాదించినవాడు మన భౌతికశాస్త్రవేత్త మేఘనాద సాహా. ఏడు దినముల కొకమారు విశ్రాంతిదినము తప్పక రావలెనను ధర్మము సృష్ట్యాదినుండి యెడతెగక వచ్చుచున్నదని నమ్ము యూదులును, శనివారమును పాటించు క్రైస్తవశాఖలవారును వారము లేని దినమును అంగీకరింపరైరి. 1955లో అమెరికాప్రభుత్వము తన వ్యతిరేకతను తెలుపగా ఆ ప్రతిపాదము మూలబడెను. ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ మూడవ సంపుటము, ఈ పంచాంగప్రకరణముతో కూడ, అచ్చయి వచ్చినది ఆ 1955 అక్టోబరులోనే. షైర్‌కు బ్రీ గ్రామపు టెల్ల ఎట్టిదో, లోకమునకు మతవిశ్వాసపు టెల్ల యట్టిదని తేలినది.

సాహా అధ్యక్షుడుగా 1952లో ఏర్పడిన పంచాంగసంస్కరణసంఘము దేశమున వాడుకలో నున్న ముప్పది విధముల పంచాంగములను పరిశీలించి, తుదకు 1957 మార్చి 22వ తేదీని శక సంవత్సరము 1879 చైత్ర ప్రథమదినముగా నిర్ణయించిన జాతీయపంచాంగమునకు మార్గము చూపినది. అందు మిగులు అయిదు దినములకు పట్టిన గతి గమనింపదగినది. సూర్యుడు మందగతితో సాగు వైశాఖము మొదలు భాద్రపదము వఱకు గల అయిదు నెలలకు ఒక్కొక్క దినము చొప్పున పంచి, వానిని ముప్పదియొక్క దినముల నెలలుగా చేసిరి. అధికవర్షమున వచ్చు దినమును చైత్రమున కిచ్చిరి. గణితమున ఇది నిర్దుష్టము, న్యాయమైన పంపకము. కాని మిగులు లేకుండ పంచిన చోట పండుగ పుట్టుట కెడము దొరకలేదు. ఆ తేదీ ఆకాశవాణి వార్తల మొదట వినబడును, ప్రభుత్వపు గెజిట్టు మీద కనబడును. ఉగాదిపచ్చడి మాత్రము నేటికిని చైత్రశుద్ధపాడ్యమి కోసమే కాచుకొని యుండును. హాబిట్ల ఐదు దినములు ఏ నెలకును చెందక బయట నిలిచినందుననే జనము వానిని తమవిగా చేసికొనిరి.

ఎల్ఫులనబడు అమరజాతి పంచాంగము వేఱు తరహాది. మృత్యువులేనివారికి సంవత్సర మొక లెక్క కాదు గనుక వారి సంవత్సరము 144 సౌరవర్షముల దీర్ఘమైనది. దానిని యేన్ అందురు. చెట్లు చిగిర్చి రాలు సామాన్యవర్షమును మాత్రము వారు ఆఱు ఋతువులుగా విభజించిరి. షడృతువులు మన సొత్తని తలచు మన కిది ఆశ్చర్యముగా నుండును. అయితే మన ఋతువు లాఱును రెండేసి నెలలుగా సమానములు. వారికి వసంతము 54 దినములు, గ్రీష్మము 72, ఫలకాలము 54, ఆకులు వాడు కాలము 54, హేమంతము 72, చివుళ్లకు ముందు నేల కదలు కాలము 54. వర్షర్తువు లేదు, ఏడాది పొడుగునను చినుకు పడు వాయవ్యదేశపు మనిషి కల్పించిన లోకమున వానకొక ఋతువెందులకు? చలికాలమున కడపటి భాగమును ప్రత్యేకించి శిశిరమనిన మన పెద్దలును, ఐతరేయబ్రాహ్మణమున హేమంతశిశిరములను కలిపి ఋతువు లైదేయని చెప్పిన పెద్దలును ఎల్ఫుల లెక్కను చూచినచో తప్పక వాదమునకు దిగియుందురు. ఈ యాఱు ఋతువులు కూడి 360 కాగా, ఆదియందొకటి, అంతమందొకటి, నడుమ మూడు దినములు ఋతువులకు వెలియై నిలిచెను. పండ్రెండేండ్ల కొకమారు నడిమి మూడును ఆఱగును. మూడు యేన్‌ల కొకమారు, అనగా 432 ఏండ్లకు, ఆ హెచ్చింపును మానుదురు. గణించి చూచినచో సగటున 365.243 దినము లగును. నిజమైన సౌరవర్షమునకు ఇది మిక్కిలి దగ్గఱ. కలియుగాబ్దములలోని 432 అను అంకెయే ఇక్కడ ఎదురగుట మనకు ముచ్చట గొలుపును గాని, పండ్రెండుతో హెచ్చవేయు జాతు లన్నిటికిని ఆ యంకె దారిలోనే తగులును.

మరుగుజ్జుల పండుగను గూర్చి 1937లో వచ్చిన ‘ది హాబిట్’ గ్రంథము చెప్పుచున్నది. శరత్కాలపు కడపటి చాంద్రమాసమున తొలిదినము వారికి సంవత్సరాది. అది ప్రతియేటను వచ్చును. కాని ఆనాడు క్రొత్తచంద్రుడును సూర్యుడును ఒక్కమారు ఆకాశమున కనబడినప్పుడు మాత్రమే దానిని డురిన్ దినమందురు. ఆ దినపు తుదికిరణముననే ఒక పర్వతపు రహస్యద్వారమున తాళపుచెవి రంధ్రము బయటపడునని పాతపటమున వ్రాసియుండగా, అట్టి దినము ఎప్పుడు వచ్చునో గణించు నేర్పు తమకిప్పుడు లేదని వారి నాయకుడు థోరిన్ ఒప్పుకొనును. పంచాంగగణితము మఱచిన జాతికి పండుగ ముందుగా తెలియదు. నెలపొడుపును కంటితో చూచి తెలిసికొనవలసినదే. రంజాను నెలవంకకై హైదరాబాదులో మేడలెక్కి పడమటిదిక్కు చూచువారికి ఈ నిరీక్షణ పరిచితము. ఆ కథలో బిల్బో అను హాబిట్టు ఆ రాతిముంగిట ఊరక కూర్చుండియుండగా, ముదుసలి పిట్ట యొకటి నత్తను రాతికి కొట్టి పగులగొట్టుచున్న చప్పుడు వినబడును, మబ్బుల సందునుండి ఎఱ్ఱని కిరణ మొకటి వచ్చి గోడకు తాకును, రాతిపెచ్చు రాలును, రంధ్రము కనబడును. వెలుగు పోకమునుపే తాళపుచెవి తిప్పవలెను. ముహూర్తమనగా నేమో తెలియనివారికి ఆ ఘట్టము చదివి చెప్పవచ్చును.

నూమెనోర్ ద్వీపవాసుల ఉత్సవముల వర్ణనము టోల్కీను మరణానంతరము 1980లో అచ్చయినది. వారి పండుగలు మూడు: వసంతారంభమున ప్రార్థన, నడివేసవిని స్తుతి, శరదంతమున కృతజ్ఞత. తెల్లనివస్త్రములు కట్టి, పూలదండలు ధరించిన జనము వెంటరాగా రాజు కాలినడకను కొండశిఖర మెక్కును. అక్కడ అతడు తప్ప మఱెవ్వరును నోరు విప్పరాదు. ఇందు విందుల ప్రస్తావము లేదు, మిగులు దినముల లెక్కయు లేదు. ఇది రాజు చేయు క్రతువు. ఉదాత్తమే కాని, నా మనసు హాబిట్ల సంతకే మొగ్గును. ఆ వంశీయుల గోండోర్ రాజ్యమున మార్దిల్ అను పాలకుడు నెలలన్నిటిని ముప్పది దినములకు సమము చేసి లెక్క దిద్దెను. ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ కథలోని దుష్టశక్తి కూలిన మార్చి 25వ తేదీని తరువాత వారు సంవత్సరాదిగా చేసికొనిరి. 1752కు పూర్వము ఇంగ్లండున న్యాయశాసనముల సంవత్సరము తిరుగుచుండినదియు మార్చి 25నే. ఆ క్రొత్తపంచాంగమున ఆ కథలో ఉంగరము మోసిన హాబిట్టు ఫ్రోడో జన్మదినమగు సెప్టెంబరు 22 ఉంగరపర్వమైనది. అధికవర్షమున అదనపు దినము దానికే చేరును గనుక ఆ పండుగ ఆయేట వెంటవెంటనే రెండుమార్లు వచ్చును. మిగులు మరల పండుగయే.

ఇంత ఘనముగా ఇతరదేశములు గౌరవించిన ఫ్రోడో దినమును సొంతయూరివారు పాటింపకపోవుట గ్రంథకర్త కొంటెతనము. షైర్‌లో తరువాతి తరముల కలవడినది వేఱొక పండుగ: ఏప్రిల్ 6న విందుమైదానమున చేరి నాట్యమాడుట. ఎందుకని యడిగినచో, అది ఫ్రోడో ఇంటి తోటమాలి శామ్ పుట్టినదినమని కొందఱు. షైర్ శకము 1420లో బంగరువృక్షము మొదట పూచిన దినమని కొందఱు. ఎల్ఫుల సంవత్సరాదియని మఱికొందఱు. నరకుని వధయని, రాముని పునరాగమనమని, బలిచక్రవర్తి కథయని దీపావళికి మూడు తావుల మూడు కారణములు చెప్పి దీపముమాత్రము ఒక్కతీరుననే వెలిగించు మనకు ఇందు వింత లేదు. ఆ మూడింటిలో ఏది నిజమో హాబిట్లు తేల్చుకొనలేదు. వారు పట్టించుకొనిన నియమ మొక్కటే: ఆనాడు వాన కురియకుండవలెను.